సబ్‌ఊఫర్ ఏడ పెట్టాలె, ఎంత పెంచాలె: మన ఇటుక గోడల హాల్‌ కోసం

మా అమ్మకు ఆడియో సంగతులేం తెల్వవు, గని ఈ విషయంల నాకు మొదటి పాఠం చెప్పింది ఆమెనే. నల్లగొండల ఇల్లు కట్టుకున్నంక హాల్ల పెట్టుకుందామని 12 ఇంచుల సబ్‌ఊఫర్ (బేస్, అంటే కింది సౌండ్ మాత్రమే మోగించే స్పీకర్ డబ్బా, ఊఫర్ అన్నా ఇదే) తెచ్చిన, టీవీ పక్కన మూలకు పెట్టిన, ఎందుకంటే ప్లగ్ పాయింట్ ఆడనే ఉన్నది, షాపాయన గూడ మూలకు పెడితేనే బేస్ ఎక్కువొస్తది అన్నడు. సోఫాల కూసొని పాట పెడితే ఏ పాటైనా ఒక్కటే దుబ్బు, దుబ్బు, దుబ్బు, నోటు (స్వరం) మారినా దుబ్బు మారదు. వారం రోజులు అట్లనే విన్న. ఒకనాడు అమ్మ వంటింటి దర్వాజ కాడ నిలబడి చిక్కుడుకాయ తుంచుకుంట "ఈడికైతే మంచిగనే ఇనొస్తుంది గద బిడ్డా, నువ్వెందుకు ఊకె దాన్ని తిప్పుతున్నవ్" అన్నది. లేచి పోయి ఆమె పక్కన నిలబడ్డ. నిజమే. బేస్ గిటార్ నోట్లు ఒక్కొక్కటి విడివిడిగ వినొస్తున్నయి, డ్రమ్ము కొట్టి ఆగుతుంది. అదే డబ్బా, అదే పాట, అదే వాల్యూమ్, నా సోఫాకు ఆమె నిలబడ్డ జాగాకు మధ్యల 12 ఫీట్లు అంతే.

అప్పటి సంది మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు దోస్తుల ఇండ్లల్ల చాలా సబ్‌ఊఫర్లు జరిపిన, ప్రతి ఇంట్ల కథ ఒక్కటే. ఊఫర్ బాగలేదని ఇంకో పెద్దది కొందామనుకుంటరు, ఉన్నదాన్ని మూడు ఫీట్లు జరిపితే పని అయిపోతది. అందుకే ఇది రాస్తున్న. ఒక ఆదివారం పొద్దున మూడు గంటలు పెట్టుకోండ్రి, పెద్ద ఖర్చు లేదు.

అసలు ఏమైతుందో మొదలు తెలుసుకోవాలె

బేస్ అలలు మస్తు పొడుగు. 80 హెర్ట్జ్ (అంటే సెకనుకు 80 సార్లు ఊగే) అల దగ్గర దగ్గర 14 ఫీట్లు, 40 హెర్ట్జ్ అయితే 28 ఫీట్లు. అంటే బాగ కింది నోట్లకు మన హాల్ కంటే అలనే పెద్దది. అది ఈ గోడకు కొట్టి ఆ గోడకు పోయి మల్ల తిరిగొచ్చి తన మీద తనే పడుతది, కొన్ని జాగాలల్ల రెండూ కలిసి డబుల్ అయితయి, కొన్ని జాగాలల్ల ఒకదాన్నొకటి తినేస్తయి. ఏ నోటు కాడ ఇట్ల అయితదో లెక్క చాలా సులువు, 565ని గోడ నుంచి గోడకు ఉన్న ఫీట్లతోటి భాగిస్తే చాలు. మా హాల్ 16 ఫీట్ల పొడుగు కాబట్టి 35 హెర్ట్జ్, వెడల్పు 11 కాబట్టి 51, స్లాబ్ ఎత్తు 10 కాబట్టి 56. చూసిన్రా, 51, 56 పక్కపక్కనే ఉన్నయి. నాకు వినపడ్డ ఆ ఒక్క దుబ్బు అదే, పాటల ఏ నోటు ఆ దిక్కు వచ్చినా గది దాన్ని పట్టుకొని గుంజుతుంది.

మీ హాల్ పొడుగు, వెడల్పు, ఎత్తు టేపుతోటి కొలిచి మూడు లెక్కలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండ్రి. రెండు కొలతలు సమానంగ ఉన్నా, ఒకదానికి ఇంకోటి డబుల్ ఉన్నా (10 ఎత్తు, 10 వెడల్పు, 20 పొడుగు ఉన్న హాళ్ళు మన దిక్కు చాలా ఉన్నయి) ఆ నోటు కాడ జర ఎక్కువ కష్టపడాల్సి వస్తది, ముందుగాల తెలిసుంటే మంచిది.

ఇంకో మాట ఈడనే చెప్పాలె. ఇంగ్లీషు వీడియోలల్ల చెప్పేది ఎక్కువ అమెరికా ఇండ్ల గురించి, ఆడ గోడలంటే కట్టె ఫ్రేముకు కొట్టిన జిప్సం బోర్డులు, బేస్ కొడితే ఆ గోడ కొంచెం ఊగుతది, ఊగి కొంత మింగుతది, కొంత బయటికి వదుల్తది. మన గోడ 9 ఇంచుల ఇటుక, పైన ఆర్‌సీసీ స్లాబ్, కింద గ్రానైటో టైల్సో షాబాదు బండలో. ఏదీ ఊగదు, వచ్చిన బేస్ వచ్చినట్టే వాపస్ పంపుతది. అందుకని మన ఇండ్లల్ల బేస్ తక్కువ అనే బాధ కంటే ఒకటి రెండు నోట్లు మరీ ఎక్కువై, కొట్టినంక ఆగకుండ గుంయ్యిమని సాగుడు అనే బాధ ఎక్కువ. కార్పెట్ వేసినా, పరదాలు కట్టినా ఈ కింది నోట్లకు ఏం ఫరక్ పడదు, పై సౌండ్‌కే పనికొస్తయి. కాబట్టి మన చేతుల ఉన్నది రెండే, ఊఫర్ జాగా, మనం కూసునే జాగా.

నమ్మకం కలగాలంటే ఫోన్ల ఫ్రీ టోన్ జనరేటర్ యాప్ ఒకటి వేస్కొని, పొడుగు గోడల లెక్కకు వచ్చిన నోటు (మా ఇంట్ల 35) తక్కువ వాల్యూమ్‌ల పెట్టి టీవీ గోడ కాడికెల్లి వెనక గోడ దాంక మెల్లగ నడువుండ్రి. గోడ కాడ చెవులు నిండుతయి, హాల్ సరిగ్గ నడిమిట్లకు రాంగనే సౌండ్ దగ్గర దగ్గర మాయమైతది, మల్ల వెనక గోడకు పోంగ పోంగ నిండుతది. ఒక్కసారి ఇది కాళ్ళతోటి తెలిసినంక మిగితాదంతా మీకే అర్థమైతది. ఒక జాగ్రత్త, టోన్లు పెట్టేటప్పుడు వాల్యూమ్ చిన్నగనే పెట్టుకోండ్రి. పైపు రంధ్రం ఉన్న ఊఫర్లకు 20, 25 హెర్ట్జ్ టోన్ గట్టిగ పెడితే కోన్ పట్టు తప్పి కొట్టుకుంటది, టప్ టప్ మని చప్పుడు రాంగనే తగ్గించాలె, లేకుంటే కాయిల్ పోతది.

మొదలు సోఫా, తర్వాత ఊఫర్

అందరు ఊఫర్ నుంచి మొదలువెడ్తరు, నేనైతే సోఫా నుంచి మొదలువెట్టమంట. సోఫా సరిగ్గ హాల్ నడిమిట్ల ఉంటే ఇందాక చెప్పిన మాయమయ్యే జాగాల కూసున్నట్టు. వెనక గోడకు ఆనిచ్చి ఉంటే అన్ని బేస్ నోట్లు తల వెనక కుప్ప పడ్డట్టు ఉంటది, మన ఇండ్లల్ల తొంభై శాతం ఇట్లనే ఉంటది, ఎందుకంటే నడిచే తొవ్వ ఉండాలె కదా. వెనక గోడ నుంచి ఒక మూర, వీలైతే రెండు మూరలు ముందుకు జరుపుండ్రి, అంతకే మస్తు ఫరక్ కనపడుతది. పుస్తకం లెక్క అడిగితే హాల్ పొడుగుల గోడ నుంచి 38 శాతం దూరంల తల ఉండాలె అంటరు, అది మొదలువెట్టనీకి ఒక గుర్తు అంతే, శాసనం కాదు. ఇంట్లోళ్ళు సోఫా కదలనియ్యరు అంటే గూడ ఏం కాదు, ఊఫర్ పని జర ఎక్కువైతది, చేసుకోవచ్చు.

ఇగ అసలు పని. సబ్‌ఊఫర్‌ను ఎత్తి మీరు కూసునే జాగాల, సోఫా మీదనే పెట్టాలె. అవును, సోఫా మీద. 20 కిలోల పైన ఉంటే ఇంకొకరి సాయం తీస్కోండ్రి, సోఫా మెత్తగ ఉండి ఒరిగేటట్టు ఉంటే సోఫా పక్కకు జరిపి అదే జాగాల గట్టి స్టూలో చిన్న టేబులో వేసి దాని మీద పెట్టుండ్రి, కూసున్నప్పుడు మీ చెవులు ఏ ఎత్తుకు వస్తయో దానికి దగ్గర ఉంటే చాలు. కేబుల్ పొడుగుది కావాలె, 5 మీటర్ల ఆర్‌సీఏ కేబుల్ ఒకటి తెచ్చుకోండ్రి, తర్వాత గూడ పనికొస్తది. స్పీకర్లు బంద్ చేసి ఒక్క ఊఫరే మోగేటట్టు పెట్టి, బేస్ గిటార్ మెట్లు ఎక్కి దిగినట్టు నోట్లు మారుకుంట పోయే పాటను రిపీట్‌ల పెట్టుండ్రి. ఒక్కటే దెబ్బ మల్ల మల్ల పడే డీజే పాటలు దీనికి పనికిరావు, ఎందుకంటే ఆడ ఒక్క నోటే ఉంటది, ఆ నోటు ఎక్కువున్న జాగానే మంచి జాగా అనిపిస్తది.

ఇప్పుడు మీరు నేల మీద మోకాళ్ళ మీద పోవాలె, గోడ పొంటి, ఊఫర్ పెట్టగలిగిన ప్రతి జాగాల తలకాయ నేలకు ఒక జానెడు, రెండు జానల ఎత్తుల పెట్టి వినాలె. నిలబడి వింటే పనికిరాదు, ఊఫర్ కోన్ ఏ ఎత్తుల ఉంటదో చెవు ఆ ఎత్తుల ఉండాలె. సౌండ్ ఆడికెల్లి ఈడికి పోయినా, ఈడికెల్లి ఆడికి పోయినా గది చేసే పని ఒక్కటే, అందుకే ఊఫర్ మీ జాగాల ఉన్నప్పుడు మీకు ఏ మూలల మంచిగ వినపడుతదో, రేపు ఊఫర్ ఆ మూలకు పోయినంక మీకు సోఫాల అట్లనే వినపడుతది.

ఏం వినాలె? గట్టిగ వినపడే జాగా కోసం ఎతకొద్దు. అన్ని నోట్లు ఒక్క తీరుగ వినపడే జాగా కోసం ఎతకాలె. ఒక నోటు మీదపడి ఇంకో నోటు దిగిపోతుంటే ఆ జాగా వద్దు. కొట్టిన దెబ్బ కొట్టినట్టు ఆగాలె. డప్పు మంచిగ కాపినంక కొడితే ఎట్ల ఉంటది, టక్కుమని పడి అప్పుడే ఆగుతది, చల్లబడ్డ డప్పు కొడితే బద్దకంగ సాగుతది, మన చెవులకు ఈ తేడా ఎవ్వరు నేర్పకుండనే తెలుసు, అదే చెవుతోటి వినుండ్రి. మంచిగున్న జాగాలల్ల ప్లాస్టర్ ముక్కో చాక్‌పీసు గీతో పెట్టుకుంట పోండ్రి, మూడు నాలుగు జాగాలు దొరుకుతయి. వాటిల్ల దర్వాజకు అడ్డం వచ్చేవి, పూజ గది ముందల పడేవి తీసేస్తే ఒకటో రెండో మిగుల్తయి, అవి చాలు.

మూల సంగతి అడుగుతరు. మూల చెడ్డది కాదు, మూలల రెండు గోడలు, నేల కలిసి సౌండును చాలా పెంచుతయి, ఊఫర్ చిన్నది హాల్ పెద్దది అయితే మూలనే కరెక్ట్. గని మూల అన్ని గోడల నోట్లను ఒక్కసారి లేపుతది, మన ఇటుక గదుల్ల అది మోయలేనంత అయితది. గోడ సరిగ్గ నడిమిట్ల పెడితే ఆ గోడ పొడుగుకు వచ్చే మొదటి నోటు లేవదు. నాలుగోవంతు కాడ పెడితే రెండో నోటు లేవదు. మా ఇంట్ల చివరికి కుదిరింది టీవీ గోడకు, ఎడమ గోడ నుంచి 4 ఫీట్ల కాడ, టీవీ స్టాండుకు ఆనుకొని. మూల నుంచి ఆడికి జరిగింది మూడు ఫీట్లే.

ఒక్క తప్పు మాత్రం చెయ్యొద్దు, గోడ నుంచి బాగ దూరం, గది నడిమిట్లకు గుంజి పెట్టుడు. వెనక గోడకు కొట్టి తిరిగొచ్చే అల ముందు పోయే అలను ఒక నోటు కాడ తినేస్తది, గోడకు దూరం ఒక మీటర్ అయితే ఆ నోటు 86 హెర్ట్జ్, రెండు మీటర్లు అయితే 43. ఒక మీటర్ లోపల ఉంచితే ఆ గుంత ఊఫర్ పనిచేసే నోట్ల పైకి పోతది, మనకు బాధ లేదు. గోడకు అతికియ్యకుండ వెనక గాలి, వైర్లు ఆడేటంత సందు, ఒక జానెడు చాలు.

దొరికిన జాగాల పెట్టినంక సోఫాల కూసొని ఇంకొకరిని పిలిచి ఊఫర్‌ను జానెడు ఈ పక్క, జానెడు ఆ పక్క జరిపిస్తుంటే వినుండ్రి. జానెడుకే తేడా తెలుస్తది, ఆ తేడా ఆగిపోయినకాడ ఆపుండ్రి. ఏ దిక్కు మొఖం పెట్టాలె అని గూడ అడుగుతరు, 80 హెర్ట్జ్ కింద ఏ దిక్కు పెట్టినా దగ్గర దగ్గర ఒక్కటే, మీకు నచ్చినట్టు పెట్టుకోండ్రి.

నాబులు, మెనూలు

ఏవీ రిసీవర్ (హోం థియేటర్ స్పీకర్లన్నిటిని నడిపే డబ్బా) ఉన్నోళ్ళు: ఊఫర్ వెనక ఉన్న క్రాసోవర్ నాబును (ఏ హెర్ట్జ్ కింది నోట్లు ఊఫర్‌కు పోవాలో కోసేది) మొత్తం చివరికి తిప్పుండ్రి, లేకుంటే ఎల్‌ఎఫ్‌ఈ అని స్విచ్ ఉంటే అది వేయుండ్రి. ఆ పని రిసీవర్ చేస్తది, ఇద్దరు కోస్తే మధ్యల సౌండ్ పోతది. రిసీవర్ల స్పీకర్లన్నీ స్మాల్ అని పెట్టి క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టుండ్రి. నా స్పీకర్లు పెద్దయి కదా స్మాల్ అని ఎందుకు పెట్టాలె అనొద్దు, స్మాల్ అంటే బేస్ ఊఫర్‌కు పంపుమని చెప్పుడు అంతే, సైజుకు సంబంధం లేదు. గోడకు కొట్టే చిన్న చిన్న శాటిలైట్ స్పీకర్లు అయితే 100, 120 దాంక పోవాల్సి వస్తది, అట్లైతే ఊఫర్‌ను ముందల స్పీకర్లకు దగ్గర ఉంచుండ్రి, ఎందుకంటే అంత పైకి పోతే సౌండ్ ఏడికెల్లి వస్తుందో చెవు పట్టేస్తది.

ఊఫర్ గెయిన్ నాబు (ఊఫర్ సౌండ్ పెంచేది) గడియారంల 11, 12 మధ్యల ముల్లు ఉన్నట్టు పెట్టి, రిసీవర్ మైకు సోఫాల చెవు ఎత్తుకు నిలబెట్టి ఆటో సెటప్ (రిసీవరే టోన్లు పెట్టి, విని, లెవల్, దూరం సర్దుకునుడు) నడుపుండ్రి. దాని పేరు డెనాన్, మరాంట్జ్‌లల్ల ఆడిస్సీ, యమహాలల్ల వైపావో. ఫ్యాన్ బంద్, ఏసీ బంద్, కూలర్ బంద్, కిటికీలు మూసి, కుక్కర్ పెట్టిన టైముల కాకుండ చెయ్యాలె. మైకును సోఫా మెత్త మీద పెట్టొద్దు, కెమెరా స్టాండ్ మీద పెట్టుండ్రి. అయిపోయినంక సబ్‌ఊఫర్ లెవల్ ఎంత పెట్టిందో మెనూల చూడుండ్రి. మైనస్ 12 కాడ ఆగితే రిసీవర్‌కు ఇంకా తగ్గించాలని ఉన్నది గని జాగా లేదన్నట్టు, ఊఫర్ గెయిన్ తగ్గించి మల్ల నడపాలె. మైనస్ 6కు, సున్నాకు మధ్యల ఆగితే మంచిది. ప్లస్ దిక్కు బాగ పోతే గెయిన్ పెంచి మల్ల నడపాలె.

దూరం గూడ చూడుండ్రి, ఊఫర్ నిజంగ 9 ఫీట్ల దూరంల ఉంటే రిసీవర్ 13, 14 అని చూపియ్యొచ్చు. అది తప్పు కాదు, దిద్దొద్దు. ఊఫర్ లోపటి ఎలక్ట్రానిక్స్ సౌండ్‌ను కొన్ని మిల్లీసెకన్లు లేటు చేస్తయి, ఒక మిల్లీసెకన్ అంటే ఒక ఫీటు పైన, రిసీవర్ ఆ లేటును దూరం లెక్కల చెప్తుంది. టేపు పెట్టి కొలిచి 9 అని మార్చినోళ్ళ ఇండ్లల్ల డ్రమ్ము దెబ్బ చచ్చిపోయుండుడు నేను చూసిన.

రిసీవర్ లేక మామూలు స్టీరియో ఆంప్లిఫయర్ ఉన్నోళ్ళు: మీ స్పీకర్లు పూర్తి రేంజుల మోగుతయి, అవి ఏడ దిగిపోతయో ఆడ ఊఫర్ అందుకోవాలె. 5 ఇంచుల కోన్ ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఎక్కువ శాతం 55, 60 హెర్ట్జ్ కాడ దిగుతయి, కాబట్టి క్రాసోవర్ నాబు 50 కాడ మొదలువెట్టి కొంచెం కొంచెం పెంచుకుంట పోండ్రి. పరీక్ష ఏందంటే టీవీల వార్తలు పెట్టుండ్రి, మొగాయన చదివే వార్తలు. ఆయన గొంతు ఛాతిలకెల్లి కాకుండ కుండలకెల్లి మాట్లాడినట్టు వస్తే క్రాసోవర్ ఎక్కువ ఉన్నట్టు, గొంతు మామూలు మనిషి గొంతు అయ్యేదాంక తగ్గియ్యాలె. ఇది నాకు ఏ మీటర్ కంటే ఎక్కువ పనికొచ్చిన పరీక్ష, మనిషి గొంతు ఎట్ల ఉంటదో మనకు పుట్టినప్పటి సంది తెలుసు. స్పీకర్ వైర్ల నుంచి ఊఫర్‌కు కనెక్షన్ ఇచ్చేటోళ్ళు ఆంప్లిఫయర్ క్లాస్ డీ అయితే బుక్కు చదివినంకనే పెట్టుండ్రి, కొన్నింట్ల మైనస్ తీగ గ్రౌండ్ కాదు, తప్పుగ కలిపితే ఆంప్లిఫయర్ కాలుతది.

లెవల్ కలుపుడు

దీంట్ల రెండు తొవ్వలున్నయి, మీటర్ తొవ్వ, చెవు తొవ్వ. రెండూ చెయ్యాలె.

మీటర్ అంటే సౌండ్ లెవల్ మీటర్, దాన్ని సీ (C) వెయిటింగ్, స్లో అనే సెట్టింగుల మీద పెట్టి, చెవు ఎత్తుల, మైకు పైకి చూసేటట్టు పట్టాలె. రిసీవర్ టెస్ట్ టోన్లు ఒక్కొక్క స్పీకర్‌కు 75 డీబీ (డెసిబెల్, సౌండ్ ఎంత గట్టిగుందో చెప్పే లెక్క) వచ్చేటట్టు లెవల్ పెట్టి, చివరికి ఊఫర్ గూడ 75కు తేవాలె. ఊఫర్ టోన్‌కు ముల్లు అటూ ఇటూ ఊగుతది, మధ్య చూస్కోండ్రి. 'A' వెయిటింగ్ మీద మాత్రం చెయ్యొద్దు, ఆ 'A' వెయిటింగ్ 50 హెర్ట్జ్ కాడ 30 డీబీ తక్కువ చూపిస్తది, మీరు ఊఫర్ తక్కువుందనుకొని ఇల్లు ఊగేదాంక పెంచుతరు. సీ అయితే 31 హెర్ట్జ్ కాడ గూడ తేడా 3 డీబీనే.

ఫోన్ యాప్ తోటి చెయ్యొచ్చునా అంటే, సగం చెయ్యొచ్చు. ఫోన్ మైకు మాటల కోసం చేసింది, కింది నోట్లను చాలా ఫోన్లు కోసేస్తయి. కాబట్టి ఫోన్‌తోటి స్పీకర్‌ను ఊఫర్‌తోటి పోల్చొద్దు. ఒక్కటే టోన్ పెట్టి రెండు జాగాలను పోల్చవచ్చు, ఉదాహరణకు 50 హెర్ట్జ్ టోన్ ఈడ ఎంత, జానెడు జరిపినంక ఎంత, అది నమ్మొచ్చు. ఇంకా లోతుకు పోవాలంటే యూమిక్-1 అనే యూఎస్‌బీ మైకు, ఆర్‌ఈడబ్ల్యూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉన్నయి, లాప్‌టాప్ ఉంటే మీ గది మొత్తం గీత గీసి చూపిస్తది. దాంట్ల పైకి లేచిన గుట్టలను ఈక్వలైజర్‌తోటి (ఒక్కొక్క నోటును విడిగ పెంచి తగ్గించేది) కొయ్యొచ్చు, గుంతలను మాత్రం నింపాలని చూడొద్దు, గది తినేసే నోటుకు ఎంత కరెంటు పోసినా గది తింటనే ఉంటది, ఊఫర్ కాలుడే మిగుల్తది.

చెవు తొవ్వ ఇట్ల. మీకు నోటికొచ్చిన పాటలు మూడు తీస్కోండ్రి, ఒకటి పాతది బేస్ సన్నంగ ఉన్నది, ఒకటి ఈ మధ్యది బేస్ బాగ నింపింది, ఒకటి మధ్య రకం. ఊఫర్ లెవల్ మొత్తం దించి మధ్య రకం పాట మీరు రోజు వినే వాల్యూమ్‌ల పెట్టి, ఊఫర్‌ను కొంచెం కొంచెం పెంచుకుంట పోండ్రి, ఎప్పుడైతే "ఆ, ఊఫర్ మోగుతుంది" అని ఎరుక అయితదో ఆడ ఆగి కొంచెం వెనకకు తీయుండ్రి. ఇప్పుడు ఊఫర్ మోగుతుందని తెల్వొద్దు, గని స్విచ్ బంద్ చేస్తే సామాను తీసేసిన ఇల్లు లెక్క పాట బోసిపోవాలె. అట్ల అయితే లెవల్ కుదిరినట్టు. పాత పాటల కొంచెం తక్కువ, కొత్త పాటల కొంచెం ఎక్కువ అనిపిస్తది, అది రికార్డింగ్ తేడా, పాట పాటకు నాబు తిప్పొద్దు.

మీటర్ లెక్క మీద 2, 3 డీబీ ఎక్కువ పెట్టుకుంటే తప్పేం లేదు, చాలా మంది చెవులకు అట్లనే నచ్చుతది, నాకు గూడ. తక్కువ వాల్యూమ్‌ల వింటే చెవు బేస్‌ను తక్కువ పట్టుకుంటది, అది మనుషులందరి చెవుల గుణమే. దాని కోసమే డైనమిక్ ఈక్యూ లాంటివి రిసీవర్ల ఉంటయి, అవి వేసుకుంటే మల్ల మీరు చేత్తోటి పెంచొద్దు, రెండుసార్లు పెంచినట్టు అయితది.

ఫేజ్

ఊఫర్, స్పీకర్లు ఒకే నోటును ఒకేసారి ముందుకు తోయాలె, ఒకటి తోస్తుంటే ఇంకోటి గుంజితే ఆ నోటు మాయం. 80 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఊఫర్, స్పీకర్లు రెండూ మోగుతుండంగ సోఫాల కూసోండ్రి, ఒకరిని ఊఫర్ వెనక ఫేజ్ స్విచ్ 0కు, 180కి మార్చుమని చెప్పుండ్రి. ఏది గట్టిగ వినపడితే అది కరెక్ట్. నాబు ఉంటే మెల్లగ తిప్పించి అన్నిట్ల గట్టిగ ఉన్న కాడ ఆపుండ్రి. ఇగ రిసీవర్ దూరంల ఒక్కొక్క ఫీటు ఎక్కువ తక్కువ చేసి గూడ ఇంకా గట్టిగ వస్తుందా చూడొచ్చు. ఒక్క నిమిషం పని ఇది, చేయకుండ వదిలిపెట్టేది గూడ దీన్నే.

గలగలలు, హమ్ము, పక్కింటోళ్ళు

జాగా కుదిరి లెవల్ కుదిరినంక 20 నుంచి 120 హెర్ట్జ్ దాంక టోన్‌ను మెల్లగ పైకి తీస్కపోతూ ఇల్లంతా తిరుగుండ్రి. బీరువ తలుపు, షోకేసు అద్దం, సజ్జ మీద పెట్టిన ఇత్తడి బిందెలు, కిటికీ జాలి, ఏసీ ముందటి డొప్ప, పీవోపీ సీలింగుల దూరిన వైరు, ఒక్కొక్కటి ఒక్కొక్క నోటుకు గలగలమంటయి. మా ఇంట్ల 44 హెర్ట్జ్ కాడ జిర్రుమనేది, ఊఫరే పగిలిందనుకున్నం, చూస్తే గోడకు తగిలిచ్చిన తాత ఫోటో ఫ్రేము. వెనక నాలుగు మూలలకు చిన్న రబ్బర్ ముక్కలు అతికిస్తే అయిపోయింది. బేస్ శుభ్రంగ లేదు అనుకునే ఇండ్లల్ల సగం తప్పు ఇట్లాంటి సామాన్లదే.

ఊఫర్ ఊకె గుయ్యిమంటుంటే మొదలు సెటాప్ బాక్సుకు వచ్చే కేబుల్ తీగను ఊడపీకి చూడుండ్రి, హమ్ము ఆగితే దోషం ఆ తీగది, దానికి చిన్న ఐసోలేటర్ దొరుకుతది. ఎండకాలం మన దిక్కు ఎర్తింగ్ గుంత ఎండిపోతది, నీళ్ళు పోయండ్రి. మూడో పిన్ను ఇరిచేసి హమ్ము ఆపుడు మాత్రం ఎన్నడు చెయ్యొద్దు, అది ప్రాణం మీదికి వస్తది.

పోర్షన్ ఇండ్లల్ల కిరాయికి ఉండేటోళ్ళు పక్కింటోళ్ళ గోడకు ఊఫర్ ఆనియ్యొద్దు. అట్ల కిరాయికి ఉండేటోళ్ళు ఊఫర్‌ను తమ సోఫా పక్కనే, చెయ్యి చాపితే అందేటంత దగ్గర పెట్టుకుంటే మంచిది, గది కంటే ముందు ఊఫర్ మీకు వినపడుతది, లెవల్ చాలా తగ్గించినా సరిపోతది, పక్కింటికి పోయేది తగ్గుతది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాంక ఇండ్ల నడుమ హద్దు 45 డీబీనే అని 2000ల వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలల్ల ఉన్నది, బేస్ అయితే గోడల నుంచి స్లాబు నుంచి పోతది కాబట్టి ఆ టైముకు రిసీవర్ల ఊఫర్ లెవల్ 6 డీబీ దించి పెట్టుకుంటే పైనోళ్ళు నిద్ర పోతరు.

సోఫాల నలుగురు కూసొని నలుగురికి మంచిగ రావాలంటే ఒక పెద్ద ఊఫర్ కంటే రెండు చిన్నయి నయం. హర్మన్ కంపెనీల టాడ్ వెల్టీ అనే ఇంజనీర్ 2002ల ఇదే విషయం మీద పేపర్ ఇచ్చిండు, నాలుగు మూలల గదికి ఎదురెదురు గోడల నడిమిట్ల రెండు పెడితే సీటు సీటుకు తేడా చాలా తగ్గుతదని చూపిచ్చిండు. మన హాళ్ళల్ల ఒక నడిమిట్ల దర్వాజనే ఉంటది, అట్లాంటప్పుడు దర్వాజ పక్కకు పెట్టి మల్ల మోకాళ్ళ మీద విని చూస్కోవాల్సిందే. మొదటిదాన్ని మాత్రం సరిగ్గ కుదుర్చుకోకుండ రెండోది కొనొద్దు.

అన్నీ అయినంక ఒక వారం ఏం ముట్టకుండ వినుండ్రి. మొదటి రెండు రోజులు బేస్ తక్కువైనట్టు అనిపిస్తది, ఎందుకంటే చెవు ఆ దుబ్బుకు అలవాటు పడి ఉంటది. నాలుగో రోజుకు పాటలల్ల ఇదివరకు వినని నోట్లు వినపడుడు మొదలైతది.

ఆ వారం దాటినంక ఒక కాగితం మీద ఊఫర్ ఎడమ గోడ నుంచి ఎన్ని ఇంచులు, వెనక గోడ నుంచి ఎన్ని ఇంచులు, గెయిన్ నాబు ఏ గంట కాడ ఉన్నది, ఫేజ్ ఎంత, క్రాసోవర్ ఎంత, రిసీవర్ల లెవల్ ఎంత, దూరం ఎంత, అన్నీ రాసి ఊఫర్ వెనకనే టేపు పెట్టి అతికియ్యుండ్రి. దసరా ముందట ఇల్లు దులిపి సున్నం వేసేటప్పుడు ఊఫర్‌ను ఎవరో ఒకరు జరుపుతరు, నేల మీది చాక్‌పీసు గీతలు తుడుచుకపోతయి, అప్పుడు ఆ కాగితం చూసి పది నిమిషాలల్ల మల్ల అదే జాగాల పెట్టుకోవచ్చు.